పైనుంచి రావాల్సిన వెచ్చదనం

డాలస్ దగ్గర మా మేనల్లుడి ఇంట్లో నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న పెట్టె ఒకటి ఉంది. ముందు గాజు తలుపులు, లోపల ఒక బాల్ పైథాన్. జనవరిలో వెళ్లాను. బయట పచ్చిక మీద మంచు పేరుకుని ఉంది. ఉష్ణోగ్రత కొలిచే గన్ నా చేతికిచ్చి "నువ్వే చూడు మామయ్యా" అన్నాడు. కుడి మూల బండరాయి మీద 33 డిగ్రీలు. అక్కణ్ణించి జానెడు జానెడు దూరం జరుపుతూ పోయాను. 31, 29, 27. ఎడమ మూల బెరడు కింద 25. మెట్లు కట్టినట్టు దిగిపోయింది వేడి. ఆ పొందిక చూశాక ఆ రోజంతా నాకు వేరే పని మీద మనసు నిలవలేదు.

పాము మనలా ఒంటి వేడి పుట్టించుకోలేదు, బయటి నుంచి తెచ్చుకోవాలి. చలికాలం పొద్దున చేనిగట్టు మీద ఎండ కాగే జెర్రిపోతును చూసినవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. తిన్న ఎలుక అరగడానికి వెచ్చటి చోటు, ఒళ్లు చల్లబరచుకోవడానికి ఇంకో చోటు, రెంటికీ మధ్య కావలసినన్ని మెట్లు ఉండాలి. చలి ఎక్కువైతే మేత అరక్క కక్కేస్తుంది, ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. ఏ పూట ఎక్కడ ఉండాలో పాముకే తెలుసు. ఆ ఎంపిక దాని చేతిలో పెట్టడంలోనే పెంపకందారు పనితనమంతా ఉంది.

ఈ విద్యలో నేను మొదట దండం పెట్టేది జోన్ ప్రోక్టర్‌కి. 1923లో లండన్ జూలో సరీసృపాల విభాగం బాధ్యత ఆమె చేతికొచ్చింది. 1927లో తెరిచిన సరీసృపాల భవనం ఆమె రూపకల్పనే. ఒకే గదంతా ఒకే వేడి అన్న పాత పద్ధతిని పక్కకు నెట్టి, ఏ జంతువుకు ఎక్కడ ఎంత కావాలో అంత కరెంటు వేడి అమర్చింది. అతినీలలోహిత కిరణాలను లోపలికి రానిచ్చే ప్రత్యేకమైన గాజు వాడింది. ఇవాళ పాముల కోసం అమ్మే దీపాలు, థర్మోస్టాట్లు ఏవీ అంగట్లో దొరకని కాలంలో! జబ్బు మనిషి. 1931లో ముప్పై నాలుగేళ్లకే పోయింది. ఇవాళ పెంపకందారులు కొత్తగా కనిపెట్టామని చెప్పుకునే వాటిలో సగం ఆ తల్లి అప్పుడే చేసి చూపించింది.

ఇక దీపాల సంగతి. నా ఓటు హాలోజెన్‌కే. దాని వేడిలో సూర్యుడి వేడి లక్షణం ఉంది, చర్మం దాటి కండలోకి దిగుతుంది. సిరామిక్ ఎమిటర్ వెలుతురు లేకుండా రాత్రిళ్లు పనికొస్తుంది కానీ గాలిని ఎండగొడుతుంది. పైగా దాని ఒళ్లు 200 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ప్లాస్టిక్ హోల్డర్‌లో బిగించకూడదు, పింగాణీదే కావాలి. ఏ దీపమైనా పెట్టె లోపల ఉంటే చుట్టూ తీగ జాలీ ఉండి తీరాలి. పాము దీపాన్ని చుట్టుకుంటుంది. చుట్టుకున్నాక కాలుతోందని వెంటనే వదలదు.

థర్మోస్టాట్ లేని వేడి దీపాన్ని నేను దీపమనను. హాలోజెన్‌కు వెలుగును సన్నగా తగ్గిస్తూ పెంచే డిమ్మింగ్ రకం, సిరామిక్‌కు పల్స్ రకం. మా వాడి పనితనం నాకు తెలిసింది థర్మోస్టాట్‌కు వేడి కొలిచి చెప్పే ప్రోబ్ దగ్గరే. రాయి పక్కన, పాము వీపు ఎత్తులో, రెండుచోట్ల క్లిప్పు వేసి బిగించాడు. లాగి చూశాను, కదల్లేదు. అది జారి నీళ్ల గిన్నెలో పడిందనుకోండి, థర్మోస్టాట్ లోపల చలి ఉందనుకుని దీపాన్ని మండిస్తూనే ఉంటుంది. పొద్దుగూకేసరికి పాము మిగలదు.

ఇంత శ్రద్ధ వాడికి ఊరికే రాలేదు. వాడి మొదటి పాముకు ఒక దుకాణంలో కింద పరిచే హీట్ మ్యాట్ అమ్మారు. థర్మోస్టాట్ అడిగితే అక్కర్లేదన్నారు. పది రోజులకు పొట్ట పొలుసులు గులాబీ రంగు తిరిగాయి, తర్వాత గోధుమరంగు, ఆ తర్వాత బొబ్బలు. డాక్టర్ దగ్గరికి నెలల తరబడి తిరిగాడు. కుబుసం విడిచిన ప్రతిసారీ ఆ మచ్చ దగ్గర చిరుగుతుంటే వాడు ఫోన్లో నాతో ఏడ్చాడు. బాల్ పైథాన్ పుట్టిన ఘనా, టోగో, బెనిన్‌లలో పగలు అది ఎలుక బొరియల్లోనూ చెదల పుట్టల్లోనూ పడుకుంటుంది. మన నాగులచవితి పుట్టల్లాంటివే అవీ. అక్కడ కిందికి పోయేకొద్దీ చల్లదనం. వేడి నుంచి తప్పించుకుందామని మట్టిలోకి దూరిన పాముకు అడుగున ఇంకా ఎక్కువ వేడి ఎదురైతే అది ఎటు పోవాలి? కరెంటుతో కాగే నకిలీ రాళ్లు ఇంకా ఘోరం. ఎర్ర బల్బు 'రాత్రి దీపం' అని అంటగడతారు. పాము కంటికి రెప్ప లేదండీ! పారదర్శకమైన పొలుసే మూత. రాత్రంతా వెలుగుతుంటే అది కళ్లు మూసుకోలేదు. ఇవన్నీ తెలిసీ అమ్మేవాళ్లను ఏమనాలి?

అరల్లో ప్లాస్టిక్ డబ్బాలు పేర్చి, కింద వేడి పట్టీ అంటించి వందల పాములు పెంచే పద్ధతి ఉంది. గుడ్లు పెడుతున్నాయి కదా అంటారు. పెడతాయి. డబ్బాలో పగలు లేదు, ఎత్తు లేదు, నిటారుగా ఒళ్లు చాచే చోటు లేదు. నేను ఆ పక్షం కాదు, కాబోను.

అతినీలలోహిత కాంతి మీద వాదన ఇంకా తెగలేదు. మొక్కజొన్న పాములకు ఆ కాంతి ఇస్తే రక్తంలో విటమిన్ డి పెరిగిందని 2008లో తేల్చారు. బాల్ పైథాన్ల మీద 2013లో వచ్చిన అధ్యయనంలో ఆ తేడా కనబడలేదు. ఆ ఒక్కటి పట్టుకుని దీపమే దండగ అనేవాళ్లతో నేను ఏకీభవించను. పరిశోధకుడు గ్యారీ ఫెర్గూసన్ బృందం 2010లో సరీసృపాలను ఎండ అలవాటును బట్టి నాలుగు మండలాలుగా విడదీసింది. బాల్ పైథాన్ నీడ పట్టున ఉండే మొదటి మండలంలోకి వస్తుంది. అంటే సన్నటి కాంతి, కొద్దిసేపు, తప్పుకోవడానికి చీకటి గూళ్లతో సహా. తెల్లపుట్టు పాములకు ఇంకా తక్కువ.

మన ఊళ్ల నుంచి అడిగేవాళ్లున్నారు కనుక చెబుతున్నాను. మన పాముల్ని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతులకూ 2024 నిబంధనల ప్రకారం నమోదు తప్పనిసరి. అవి ఉన్నవాళ్లు దయచేసి ముందు థర్మోస్టాట్ కొనండి, తర్వాతే అలంకారాలు.

ఆ రోజు రాత్రి ఎనిమిదికి టైమర్ పనిచేసి హాలోజెన్ ఆరిపోయింది. పన్నెండు గంటల పగలు అయిపోయింది. మా వాడు గదిలో లైటు కూడా తీసేశాడు. వరండా వెలుతురులో చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి బెరడు కింద నుంచి తల బయటికొచ్చింది, నాలుక ఆడింది. తిన్నగా రాయి దగ్గరికి వెళ్లి, ఇంకా వేడి ఆరని ఆ రాతి మీద గడ్డం ఆనించి ఆగింది.