చార్జింగ్ ఎక్కుతూనే పని నడవాలి

నవంబర్ వచ్చిందంటే శాలిబండ, మొగల్‌పురా, గౌలిపురా గల్లీల్లో చిన్న చిన్న ఆన్‌లైన్ సెంటర్ల ముందు పెద్దవాళ్లు బారులు తీరతారు. పింఛనుదారులు లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నెల అది. 2014 నవంబర్‌లో జీవన్ ప్రమాణ్ అనే ఆన్‌లైన్ పద్ధతి మొదలయ్యాక బ్యాంకుకు పోయి, అధికారి ఎదుట నిలబడి, బతికే ఉన్నానని సంతకం పెట్టే బాధ చాలామందికి తప్పింది. వేలిముద్ర వేస్తే సరిపోతుంది. ఆ వేలిముద్ర తీసుకునే చోట ఇప్పుడు కంప్యూటర్ ఉండాలనేమీ లేదు. ఒక ట్యాబు, దాని అంచున ఉన్న రంధ్రంలో పొట్టి ఓటీజీ కేబుల్, ఆ కేబుల్ కొసన అరచేతిలో ఇమిడే స్కానర్. స్కానర్ అద్దం కింద లైటు వెలగాలి, చాచా బొటనవేలు పైజామాకు తుడుచుకుని దాని మీద ఆనించాలి. 2021 నుంచి ముఖం చూపించి పని ముగించే పద్ధతి కూడా వచ్చింది. వేళ్ల గీతలు అరిగిపోయినవాళ్లకు అది పెద్ద మేలు. అయినా ఆధార్‌తో బ్యాంకు డబ్బు తీయడానికీ ఇంకా చాలా పనులకూ చాలాచోట్ల ఆ స్కానరే వాడతారు.

మధ్యాహ్నం అయ్యేసరికి ట్యాబు బ్యాటరీ అడుగంటుతుంది. అప్పుడు సెంటర్ పిల్లవాడు స్కానర్ పీకి చార్జర్ గుచ్చుతాడు. "జరసేపు కూర్చోండి చాచా, చార్జింగ్ ఎక్కనీ" అంటాడు. బయట డెబ్బై దాటినవాళ్లు ఎండలో నిలబడి ఉంటారు. కరెంటు ఉంది, నెట్ ఉంది, సర్వర్ కూడా పలుకుతోంది. పని ఆగింది మాత్రం రెండు కేబుళ్లకు ఒకటే రంధ్రం ఉన్నందుకు.

ఈ వారం రాస్తున్నది ఆ రంధ్రం గురించే. ట్యాబు చార్జింగ్‌లో ఉండగానే దానికి కీబోర్డో, పెన్‌డ్రైవో, స్కానరో తగిలించి పనిచేయించడం గురించి. నేను ఈ కాలమ్ రాసేది కూడా ట్యాబులోనే. ఇన్‌స్క్రిప్ట్ టైపింగ్‌కు చెయ్యి అలవాటైన పాత వైరు కీబోర్డు నాది. దాన్ని వదలబుద్ధి కాదు. రాత ఊపందుకున్న వేళ బ్యాటరీ పదిహేను శాతానికి వస్తే వాక్యం మధ్యలో కీబోర్డు తీసేయాలా అన్న ప్రశ్న నాకు కొత్తది కాదు.

ట్యాబును తయారుచేసినవాళ్ల ఊహలో సోఫాలో వాలి సినిమా చూసే మనిషి ఉన్నాడు. అతనికి ఒక రంధ్రం చాలు. పాతబస్తీలో మాత్రం ట్యాబు చాలామందికి పనిముట్టు. ఛత్తా బజార్‌లో ఒకప్పుడు కాతిబులు కలంతో రాసిన పెళ్లి కార్డుల ఉర్దూ అక్షరాలు ఇప్పుడు తెర మీద కూర్చుతున్నారు. గిరాకీ పెన్‌డ్రైవ్‌లో పేర్లు తెస్తే అక్కడికక్కడే డిజైన్ చూపించాలి. లాడ్ బజార్‌లో రంజాన్ రాత్రులు బిల్లు మిషన్ ఆగితే గాజుల కొట్టు ముందు జనం పేరుకుపోతారు. ఇలాంటి చోట్ల పనిముట్టు తింటూనే మాట్లాడాలి. కానీ రెంటికీ దానికున్నది ఒకటే నోరు.

దీని వెనక ఉన్న కథ తెలుసుకుంటే సగం చిరాకు పోతుంది. యూఎస్‌బీ 1996లో వచ్చింది. దాన్ని రూపొందించినవాళ్లలో ముఖ్యుడు ఇంటెల్‌లో పనిచేసిన, మన దేశంలో పుట్టిన అజయ్ భట్. ఆ పద్ధతిలో పెత్తనం కంప్యూటర్‌దే. మౌసూ ప్రింటరూ అది అడిగితేనే జవాబిస్తాయి. కరెంటు ఇవ్వాల్సింది కూడా కంప్యూటరే. జేబులో పట్టే పరికరాలు వచ్చాక లెక్క మారింది. ఫోను కంప్యూటర్‌కు తగిలిస్తే చెప్పినట్టు వినాలి, పెన్‌డ్రైవ్‌కు తగిలిస్తే తానే పెత్తనం చేయాలి. అందుకని 2001లో ఆన్-ద-గో అనే అనుబంధం చేర్చారు. మనం ఓటీజీ అంటున్నది దాన్నే. ఆండ్రాయిడ్‌లో ఈ పెత్తనానికి పూర్తి ఏర్పాటు 2011లో, 3.1 వెర్షన్‌తో వచ్చింది.

పాత ట్యాబుల్లో ఉండే మైక్రో యూఎస్‌బీ పిన్నును భూతద్దం కింద చూస్తే అయిదు సన్నని రేకులు కనిపిస్తాయి. రెండు కరెంటుకు, రెండు డేటాకు. అయిదోది ఐడీ. మామూలు కేబుల్లో ఐడీ దేనికీ తగలదు. ఓటీజీ కేబుల్లో దాన్ని గ్రౌండ్‌తో కలిపేస్తారు, కేబుల్లో ఉన్న మహత్తంతా అంతే. ఆ కలయిక కనిపించగానే ట్యాబు పెత్తనం తీసుకుని అయిదు వోల్టుల కరెంటు బయటికి పంపడం మొదలుపెడుతుంది. అది పంపుతున్న దారినే కరెంటు లోపలికి రావాలంటే కుదరదు. ఓటీజీ పెట్టగానే చార్జింగ్ ఆగిపోవడానికి కారణం ఇదే. ట్యాబు పాడవలేదు, చార్జర్ కూడా పాడవలేదు.

కోఠి గుజరాతీ గల్లీలో, ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో మూడు కొసల వై కేబుళ్లు దొరుకుతాయి. ఒక కొస ట్యాబుకు, ఒకటి పెన్‌డ్రైవ్‌కు, ఒకటి చార్జర్‌కు. వీటిలో చాలావాటితో చార్జర్ కరెంటు తగిలించిన వస్తువుకే పోతుంది, ట్యాబుకు ఎక్కదు. హార్డ్ డిస్కు లాంటి ఆకలి ఎక్కువున్న వస్తువులకు అది పనికొస్తుంది. బ్యాటరీ కూడా కాస్త నిదానంగా దిగుతుంది. కొన్నవాళ్లు మాత్రం ట్యాబు నిండుతుందనుకునే కొంటారు.

నిజానికి దీనికి దారి 2010 డిసెంబర్‌లోనే కాగితం మీదికి ఎక్కింది. యూఎస్‌బీ బ్యాటరీ చార్జింగ్ ప్రమాణం 1.2లో ఐడీ పిన్నును నేరుగా గ్రౌండ్‌తో కలపకుండా మధ్యలో 124 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టమన్నారు. ఆ విలువ చూస్తే ట్యాబు పెత్తనం చేస్తూనే కరెంటు తీసుకోవచ్చు. జగదీశ్ మార్కెట్‌లో ఒక రిపేరు బల్ల దగ్గర ఆ పని దగ్గరుండి చూశాను. బ్లేడుతో పిన్ను మీది రబ్బరు తొడుగు చీల్చి, కంటికి భూతద్దం బిగించుకుని, ఐడీ రేకుకున్న పాత అతుకు కరిగించి తీశాడు. నువ్వుగింజంత రెసిస్టర్‌ను చిమటాతో పట్టి అక్కడ నిలబెట్టి, సోల్డరింగ్ మొన రెప్పపాటు తాకించాడు. తర్వాత మీటరు పెట్టి విలువ చూశాడు. పక్కనున్న గిరాకీ అడిగింది ఒకే మాట: "చార్జింగ్ బీ హోనా భాయ్, పెన్‌డ్రైవ్ బీ చల్నా." ఒక ట్యాబులో రెండూ నడిచాయి. ఇంకో కంపెనీ ట్యాబుకు అదే కేబుల్ పెడితే చార్జింగ్ ఎక్కలేదు. రెసిస్టర్ సరైనదే. దాన్ని చదివి అర్థం చేసుకునే సాఫ్ట్‌వేర్ ఆ ట్యాబులో పెట్టలేదు. ప్రమాణం కాగితం మీద ఉన్నా కంపెనీలు చాలావరకు దాని జోలికి పోలేదు.

ఇక్కడ ఆకాశ్ గుర్తుకు రావాలి. 2011 అక్టోబర్ 5న ఢిల్లీలో కపిల్ సిబల్ విడుదల చేసిన ఆ విద్యార్థుల ట్యాబు మొదట అసెంబుల్ అయింది మన హైదరాబాద్‌లోనే. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, గట్టిగా నొక్కితే గానీ పలకని ఏడంగుళాల తెర. దాని లోపాల గురించి దేశమంతా రాసింది, రాయదగ్గ లోపాలే. దాని పక్కన రెండు పూర్తి సైజు యూఎస్‌బీ రంధ్రాలు ఉన్నాయనీ, చార్జింగ్‌కు వేరే రంధ్రం ఉందనీ ఎక్కువమంది పట్టించుకోలేదు. చార్జింగ్‌లో పెట్టి కీబోర్డూ పెన్‌డ్రైవూ ఒకేసారి తగిలించుకోవచ్చు, ఏ ప్రత్యేక కేబులూ అక్కర్లేదు. ఆ తర్వాత పది రెట్ల ధర పెట్టి కొన్న ట్యాబుల్లో ఆ సౌకర్యం లేదు. ట్యాబు పలచబడాలని, అందంగా కనబడాలని కంపెనీలు వదులుకున్నది పనిచేసేవాడికి కావాల్సిన రంధ్రాన్నే. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

టైప్-సీ వచ్చాక పరిస్థితి మారింది, కానీ కొంతే. 2014లో వచ్చిన ఈ పిన్నులో 24 కాంటాక్టులు ఉంటాయి. వాటిలో సీసీ అనేవి పాత ఐడీ పని చేస్తాయి. తీసుకునే వైపు 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. దాన్ని చూసి ఇచ్చేవాడు కరెంటు వదులుతాడు. మామూలుగా కరెంటు ఇచ్చేవాడిదే పెత్తనం కూడా. కనుక చార్జర్‌కు తగిలించిన ట్యాబు తీసుకునేదిగా మిగిలిపోతుంది, కీబోర్డును పట్టించుకోదు. ఈ రెండు పాత్రలనూ విడదీసేది పవర్ డెలివరీ అనే మాటల ఒప్పందం. బజార్లో పీడీ అంటారు. పీడీ ఉన్న హబ్ పెడితే అదీ ట్యాబూ సీసీ తీగ మీద మాట్లాడుకుంటాయి. కరెంటు నువ్వు తీసుకో, పెత్తనం కూడా నువ్వే చెయ్ అని ఖరారవుతుంది. ఐప్యాడ్ వాళ్లకు టైప్-సీ రాకముందే, 2016లో యాపిల్ అమ్మిన కెమెరా ఎడాప్టర్‌లో చార్జింగ్ రంధ్రం కూడా ఇచ్చారు. ఎక్కువ కరెంటు అడిగే వస్తువు పెడితే ఐప్యాడ్ వద్దనేది, ఆ రంధ్రంలో చార్జర్ పెడితే ఒప్పుకునేది.

కాబట్టి కొనాల్సింది పీడీ ఇన్‌పుట్ ఉన్న హబ్. మూడు యూఎస్‌బీ రంధ్రాలు కనబడినంత మాత్రాన అది పీడీ హబ్ కాదు. చార్జర్ పెట్టే టైప్-సీ రంధ్రం పక్కన పీడీ అని గానీ వాట్లు గానీ రాసి ఉండాలి. ట్యాబు కూడా ఆ భాష తెలిసినదై ఉండాలి. చవక ట్యాబుల్లో కొన్నిటికి టైప్-సీ ఆకారం ఉంటుంది, లోపల మాత్రం పాత మైక్రో నడకే.

వాట్ల లెక్క కూడా చూసుకోవాలి. అయిదు వోల్టులు, రెండు ఆంపియర్ల పాత చార్జర్ ఇచ్చేది 10 వాట్లు. యూఎస్‌బీ 2.0 వస్తువు నిబంధన ప్రకారం రెండున్నర వాట్ల దాకా లాగొచ్చు, 3.0 వస్తువు నాలుగున్నర దాకా. హబ్ తన కోసం కొంత ఉంచుకుంటుంది. తెర పూర్తి వెలుగులో ఉంటే అది కొంత తింటుంది. పైన మెరుపు గుర్తు కనబడుతూనే ఉంటుంది, శాతం మాత్రం పడిపోతూ ఉంటుంది. కీబోర్డు, మౌసు లాంటివి తినేది చాలా తక్కువ, వాటికి భయం లేదు. హార్డ్ డిస్కు పెడితే మాత్రం పెద్ద చార్జర్ కావాలి. థర్మల్ ప్రింటర్‌కు దాని సొంత ఎడాప్టర్ ఉంటుంది, దాన్ని అలాగే ఉండనివ్వాలి.

అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది తగిలించే వరుస గురించి. ముందు చార్జర్ హబ్‌కు, తర్వాత హబ్ ట్యాబుకు, చివర పెన్‌డ్రైవ్. పని మధ్యలో హబ్ నుంచి చార్జర్ పీకితే కరెంటు ఇచ్చే పాత్ర ఒక్కసారిగా ట్యాబు మీద పడుతుంది. ఆ మార్పులో చాలా హబ్‌లు క్షణంపాటు అన్నిటినీ వదిలేసి మళ్లీ పట్టుకుంటాయి. కీబోర్డుకైతే ఒక అక్షరం పోతుంది. ఫైలు ఎక్కుతున్న పెన్‌డ్రైవ్‌కైతే ఆ ఫైలే పోవచ్చు. పెళ్లి కార్డుల కొట్టులో గిరాకీ తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఆ ఇంటి ఫొటోలు కూడా ఉంటాయి. ముందు ఎజెక్ట్ కొట్టి, పెన్‌డ్రైవ్ తీసి, అప్పుడే చార్జర్ మీద చెయ్యి వేయాలి. కరెంటు పోయినా జరిగేది ఇదే. అందుకే కరెంటుకు నమ్మకం లేని రోజున పెద్ద ఫైళ్లు చార్జింగ్‌లో పెట్టి ఎక్కించను.

ఇంకో చిక్కు మోత. లాల్ దర్వాజ వైపు ఆషాఢం ముందు కుర్రాళ్లు బోనాల పాటలు ఇంట్లోనే రికార్డు చేస్తారు. ట్యాబుకు యూఎస్‌బీ మైకు, పక్కన డప్పు. చార్జర్ పెట్టగానే పాట కింద గుయ్‌మనే మోత మొదలవుతుంది. మైకు పాడైందని మార్చేస్తారు. మైకులో ఏ దోషమూ లేదు. మన రెండు పిన్నుల చార్జర్లలో, లోపలి కెపాసిటర్ గుండా కొద్దిపాటి ఏసీ తరంగం ట్యాబు వైపు కారుతుంది. లోహపు ట్యాబు వెనక వేలితో రాస్తే జివ్వుమనేది దానివల్లే. అదే మైకు దారిలో దూరి మోతగా వినిపిస్తుంది. పవర్ బ్యాంకు నుంచి హబ్‌కు కరెంటు ఇస్తే గోడతో సంబంధం తెగుతుంది, మోత చాలావరకు తగ్గుతుంది. మూడు పిన్నుల చార్జర్, సరైన ఎర్త్ ఉన్నా మేలే. పాత ఇళ్లలో ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవడం పాట కంటే ముఖ్యం.

టైప్-సీ ఆకారానికి మన బీఐఎస్ ప్రమాణం వచ్చింది. యూరోపియన్ యూనియన్‌లో 2024 డిసెంబర్ 28 నుంచి ట్యాబులకు ఆ ఆకారం తప్పనిసరి. ఆకారంతో పాటు ఇంకో మాట కూడా పెట్టె మీద అచ్చువేయాలని కంపెనీలను అడగాలి: చార్జింగ్‌లో ఉండగా ఇది యూఎస్‌బీ వస్తువులను నడుపుతుందా, నడపదా. ర్యామ్ ఎంతో, కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో పెద్ద అక్షరాల్లో వేసేవాళ్లు ఈ ఒక్క లైను వేయలేరా?

అది వచ్చేదాకా చేయాల్సింది ఒకటే. నయాపూల్ దాటి కోఠికి పోయేటప్పుడు మీ ట్యాబు, మీ చార్జర్, మీరు నిజంగా వాడే కీబోర్డో స్కానరో సంచిలో వేసుకుని పోండి. కొట్టు ముందే హబ్‌కు అన్నీ తగిలించి, తెర వెలుగు పెంచి, ఒక చాయ్ తాగేంతసేపు శాతం చూడండి. అది పెరిగితేనే డబ్బు తీయండి. పెట్టి చూడనివ్వని కొట్టయితే పక్క కొట్టుకు పోండి, ఆ గల్లీలో కొట్లకు కొదవ లేదు.