కోహా: తీసుకున్న కానుక
మావోరీ భాషలో ‘కోహా’ అంటే కానుక. తీసుకున్నవాళ్ళు తిరిగి ఏదో ఒకటి ఇవ్వాలన్న మర్యాద కూడా ఆ మాటలోనే ఉంది. పాత సాఫ్ట్‌వేర్ వైటూకే గండం గట్టెక్కదని తేలాక, 1999లో న్యూజీలాండ్‌లోని హోరోవెనువా లైబ్రరీ ట్రస్ట్ కొత్తది రాయించుకుని, దాన్ని అందరికీ వదిలేసింది.

నాకు నచ్చింది కోడ్ కాదు (పెర్ల్, చదవడం కష్టమే), ఆ పేరు. మార్పులు చేసి మన దగ్గరే ఉంచుకుంటే జీపీఎల్ లైసెన్సు ఏమీ అనదు. పేరు అంటుంది.

నేను చదివిన కాలేజీ కేటలాగ్‌లో శ్రీశ్రీ అని తెలుగులో కొడితే సున్నా. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే దొరికాడు! తప్పు కోహాది కాదు, అది తెలుగును భేషుగ్గా దాచుకుంటుంది; రికార్డులు ఎక్కించినవాళ్ళే రోమన్‌లో ఎక్కించారు. ఆ పేర్లకి తెలుగు రూపాలు జోడించే చిన్న ప్రోగ్రాం రాశాను. మూడేళ్ళుగా నా లాప్‌టాప్‌లోనే ఉంది. ఎవరికీ పంపలేదు.