దిద్దే చెయ్యి

మా అక్క కూతురు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆర్ట్ కాలేజీలో యానిమేషన్ కోర్సులో చేరింది. ఫీజుకు బావగారు బ్యాంకులో లోను తీశారు. ఏసీ ల్యాబు, కొత్త కంప్యూటర్లు, బ్రోషర్లో చూపించినవన్నీ ఉన్నాయి. టైంటేబుల్లో డ్రాయింగ్ క్లాసు కూడా ఉంది. ఆ గంటలో ఫోన్లో ఫొటో చూసి గీయమంటారు. గీసింది వాట్సాప్ గ్రూపులో పెడితే సారు బొటనవేలు గుర్తు పెడతారు. అంతే.

"బాగోలేదని ఒక్కరైనా అంటే బాగుండు మామయ్యా" అంది.

నిజమే. ఎదురుగా మనిషిని కూర్చోబెట్టి గీస్తేగానీ బొమ్మ పట్టుబడదు. ఫొటో కదలదు. మనిషి కాలు తిమ్మిరెక్కి సర్దుకుంటాడు, బరువు ఒక కాలి మీదికి మారుస్తాడు. ఆ వైపు తుంటి లేస్తే అదే వైపు భుజం దిగుతుంది. రెండు నిమిషాల్లో పోజు మారిపోతుంటే కనురెప్పలు చెక్కుతూ కూర్చునే తీరికుండదు. ముందు ఒంటి వాలు పట్టాలి.

పెద్ద మనిషి ఎత్తు సుమారు ఏడున్నర తలలని పుస్తకాలు చెబుతాయి. కూర్చున్న మనిషి మనవైపు కాలు చాపితే ఆ లెక్క పనికిరాదు. తొడ కురచగా కనిపిస్తుంది. చెయ్యి మాత్రం తనకు తెలిసిన పొడవే గీస్తుంది, ఆ తప్పు గీసినవాళ్లకు కనబడదు. వెనక నిలబడ్డ మాస్టారు పెన్సిలు అందుకుని దిద్దాలి. బడికి డబ్బు కట్టేది అందుకే.

అలాంటి గురువుల విలువకు మన దగ్గరే ఒక పాత ఉదాహరణ ఉంది. అప్పటి రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే, చిత్రకారుడు దామెర్ల రామారావు ప్రతిభను కనిపెట్టి బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలు దారి చూపాడు. రామారావు తిరిగొచ్చి రాజమండ్రిలో తనే బొమ్మలు నేర్పాడు. 1925లో, ముప్ఫై నిండకుండానే పోయినా, ఆయన వెనక ఒక చిత్రకారుల వరస మిగిలింది. ఒకరి గీతను ఒకరు పట్టించుకుంటేనే అలాంటి వరస నిలుస్తుంది.

సాఫ్ట్‌వేర్ నేర్పడం తప్పని కాదు. అది రాకపోతే స్టూడియోలో ఉద్యోగం దొరకదు. కానీ నడిచే బొమ్మ బరువు ఏ కాలి మీద పడాలో తెలియనివాళ్లకు సాఫ్ట్‌వేర్ ఏం చేసిపెడుతుంది?

పిల్లల్ని చేర్పించే ముందు రెండో ఏడాది విద్యార్థుల స్కెచ్ పుస్తకాలు చూపించమని అడగండి. గోడకు తగిలించినవి కాదు, సంచుల్లో ఉన్నవి. పేజీల్లో మాస్టారు దిద్దిన గీతలు వెతకండి. పుస్తకాలు మరీ శుభ్రంగా ఉంటే ఫీజు కట్టకండి.