పచ్చగా పరుచుకున్న నీళ్లు

పెరట్లో గుంత తవ్వింది నేనే. ఎనిమిదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, ఒక పక్క అడుగు లోతు, ఇంకో పక్క రెండున్నర. అడుగున ఇసుక పోసి, దాని మీద సిల్పాలిన్ షీటు పరిచి, చుట్టూ ఇటుకలు పేర్చాను. లోతున్న వైపు రెండు కలువ దుంపలు పెట్టాను. నీళ్ల మీద తేలే అజొల్లా మొక్కలను కోళ్ల మేత కోసం వేశాను. దోమలు పెరగకుండా గంబూసియా చేప పిల్లలు తెచ్చి వదిలాను. మా ఆవిడ ముచ్చటపడితే నాలుగు ఎర్ర చేపలు కూడా వచ్చి చేరాయి. రాత్రి షిఫ్ట్ దిగి వచ్చాక పడుకునే ముందు ఒక్క పది నిమిషాలు ఆ గుంత పక్కన కూర్చుంటే చాలు, ఒళ్లు తేలికపడేది. బొగ్గు బాయిలో రాత్రంతా క్యాప్ ల్యాంపు వెలుగులో నల్ల గోడలు చూసిన కళ్లకు ఆ పచ్చదనం ఎంత హాయో, మా గని కార్మికుల సెంటినరీ కాలనీలో నాలాగే భద్రత చూసే నా ఈడు ఓవర్‌మన్ ఎవరిని అడిగినా చెబుతారు.

అజొల్లా గురించి ఒక మాట. అది పెరుగుతుందనడం తక్కువే, అల్లుకుపోతుంది. ఒక గుప్పెడు వేస్తే కొన్నాళ్లకే నీటి చుక్క కనిపించకుండా మొత్తం పరుచుకుంటుంది. దూరం నుంచి చూస్తే అది గుంతలా ఉండదు, గడ్డి పరిచిన నేలలా ఉంటుంది. నేను దాన్ని అందం అనుకున్నాను. రెండున్నరేళ్ల పిల్లవాడికి అది నడిచే చోటుగా కనిపిస్తుందని నాకు తట్టలేదు.

పోయిన ఎండాకాలం, ఒంటిపూట బడుల రోజులు. నేను రాత్రి షిఫ్ట్ చేసి వచ్చి నిద్రపోతున్నాను. మా ఆవిడ పెరట్లో బండ మీద బట్టలు ఉతుకుతోంది. గుంతకు పది అడుగుల దూరం, వీపు గుంత వైపు. పక్క క్వార్టర్ పిలగాడు మందార కంచె సందులోంచి దూరి ఎప్పుడు వచ్చాడో, ఇటుకల మీద ఎప్పుడు కాలు పెట్టాడో ఆమెకు తెలియదు. సబ్బు కోసం వెనక్కి తిరిగిన ఆమెకు పచ్చటి అజొల్లా మధ్యలో నల్లటి సందు, అందులో చిన్న వీపు కనిపించాయి. చేతిలో బట్ట అక్కడే వదిలేసి రెక్క పట్టి పైకి లాగింది. వాడు దగ్గి, నీళ్లు కక్కి, అప్పుడు ఏడ్చాడు. ఆ ఏడుపుకే నాకు మెలకువ వచ్చింది.

"ఒక్క సప్పుడు రాలేదయ్యా, ఒక్క సప్పుడన్న రాలేదు" అని మా ఆవిడ ఆ రోజంతా అంటూనే ఉంది.

నీళ్లలో పడ్డవాళ్లు కేకలు పెడతారని, చేతులు ఊపుతారని మనం సినిమాల్లో చూసి నమ్ముతాం. నిజంగా మునిగేవాడికి ఊపిరే అందదు, ఇక కేక ఎక్కడిది? పసిపిల్లల్లో అయితే తల బరువు ఎక్కువ, చేతుల్లో బలం తక్కువ. బోర్లా పడితే మోకాలి లోతు నీళ్లలో కూడా లేవలేరు. బకెట్ నీళ్లు చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబరులో ఇచ్చిన నివేదిక ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వాళ్లలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్లు నిండని పిల్లలు. బంగ్లాదేశ్ పల్లెల్లో దీని మీద చాలా ఏళ్లుగా పని చేస్తున్నవాళ్లు ఒక సంగతి గమనించారు. అక్కడ చిన్నపిల్లలు ఎక్కువగా మునిగేది పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట లోపు, అదీ ఇంటి పక్క కుంటల్లో. నాన్న పనికి పోయి ఉంటాడు, అమ్మ ఇంటి పనిలో ఉంటుంది. అందుకే వాళ్లు సరిగ్గా ఆ వేళల్లోనే పిల్లలను ఒకచోట చేర్చి చూసుకునే కేంద్రాలు నడుపుతున్నారు. చదివినప్పుడు మా క్వార్టర్ల వరసే కళ్ల ముందు కదిలింది. మొదటి షిఫ్ట్ వాళ్లు బాయిలో, రాత్రి షిఫ్ట్ వాళ్లు నిద్రలో, ఆడవాళ్లు నల్లా నీళ్లు పోయేలోపు పని తెముల్చుకునే హడావుడిలో ఉండే వేళ అది.

నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వనిది వాడు పడ్డ క్షణం కన్నా ఆ సాయంత్రం విన్న మాట. పిల్లవాడి తల్లి మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "మావోడిదే తప్పు కాకా, ఎంత చెప్పినా ఒక్కకాడ ఆగడు. మీ శాపలేమన్న సచ్చినయా?" అని అడిగింది.

బిడ్డను దాదాపు పోగొట్టుకున్న తల్లి మా చేపల గురించి అడుగుతోంది. నాకు నోట మాట రాలేదు. ఆమె వెళ్లిపోయాక గుంత పక్కన నిలబడి చాలాసేపు ఆలోచించాను. ఇరవై ఎనిమిదేళ్లుగా నా పని ఏమిటి? గనిలో ప్రమాదమున్న చోటుకు కంచె వేయించడం, రూఫ్ బాగాలేని గల్లీకి అడ్డం పెట్టి మనిషిని పోనివ్వకపోవడం. మా చదువులో, మా పరీక్షల్లో నీళ్లకు ఒక అధ్యాయమే ఉంది. 2017లో కొత్తవి వచ్చేదాకా అమల్లో ఉన్న 1957 బొగ్గు గనుల నిబంధనల్లో 127వ నిబంధన మాకు కంఠతా వచ్చు. నీళ్లు నిలిచే అవకాశమున్న పాత వర్కింగ్‌లకు 60 మీటర్ల లోపు పోవాలంటే అనుమతి కావాలి, ముందుగా బోరు రంధ్రాలు వేసుకుంటూ తడిమి చూస్తూ పోవాలి. అది ఎందుకో మా ప్రాంతంలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ వారం రోజులూ ఈ బొగ్గు బెల్టులో ఏ ఇంటి పొయ్యి సరిగ్గా వెలగలేదు. నిలిచిన నీళ్లు ఎంత ప్రమాదమో తెలిసీ, కనపడని నీళ్లకు 60 మీటర్లు వదిలే మనిషిని, కళ్లెదుట నీళ్లకు నాలుగు ఇటుకల అంచు చాలనుకున్నాను.

తర్వాత చట్టం ఏమంటుందో చూశాను. అక్కడా నాకు బొగ్గు బాయే ఎదురైంది. నీళ్లు నిలువ చేసినవాడి బాధ్యత గురించి లా కాలేజీల్లో మొదట చెప్పే కేసు ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌ది. రైలాండ్స్ అనే మిల్లు యజమాని తన మిల్లు కోసం ఒక జలాశయం కట్టించాడు. దాని అడుగున పూడిపోయిన పాత గని గుంటలు ఉన్నాయి. వాటిని కాంట్రాక్టరు మనుషులు సరిగ్గా మూయలేదు. 1860 డిసెంబరులో నీళ్లు నింపితే అవి ఆ గుంటల్లోంచి దిగి, పాత దారుల వెంట పోయి, పక్కన ఫ్లెచర్ అనే ఆయన తవ్వుతున్న బొగ్గు గనిని ముంచేశాయి. రైలాండ్స్‌కు ఆ గుంటల సంగతే తెలియదు, ఆయన స్వయంగా చేసిన నిర్లక్ష్యమూ లేదు. అయినా నష్టానికి ఆయనే బాధ్యుడని 1868లో అక్కడి అప్పటి అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. తన అవసరానికి తన నేల మీద నీళ్లు తెచ్చి పెట్టుకున్నవాడు అవి హద్దు దాటకుండా తానే చూసుకోవాలని దాని సారం.

ఆ సూత్రం మన గడ్డ మీదికి వచ్చినప్పుడు ఇంకో మలుపు తిరిగింది. చిత్తూరు జిల్లా కార్వేటినగరం జమీందారు చెరువులు రెండు పెద్ద వానకు తెగి, మద్రాసు రైల్వే కంపెనీ లైనును దెబ్బతీశాయి. రైల్వే వాళ్లు పరిహారం కోసం దావా వేశారు. 1874లో, అప్పట్లో మనకు పై కోర్టయిన ప్రివీ కౌన్సిల్ జమీందారు వైపు నిలిచింది. ఈ చెరువులు ఆయన సొంత సుఖానికి కట్టుకున్నవి కావు, తరతరాలుగా జనం బతుకు వీటి మీద ఉంది, వీటిని కాపాడడం ఆయన విధి, పూడ్చేసే హక్కు ఆయనకు లేదు, కాబట్టి నిర్లక్ష్యం ఉంటేనే బాధ్యత అని చెప్పింది. చెరువును అర్థం చేసుకున్న తీర్పు అది, చదివినప్పుడు గర్వంగా అనిపించింది. కానీ నా గుంత ఏ ఊరి పంటనూ తడపదు. ఎవరూ నన్ను తవ్వమని అడగలేదు. క్వార్టర్ నాది కాదు, గుంత మాత్రం పూర్తిగా నాది.

పిల్లల విషయానికి వస్తే నాకు బాగా నాటుకున్నది 1922 నాటి గ్లాస్గో కేసు. అక్కడి బొటానిక్ గార్డెన్‌లో ఒక పొద మీద చెర్రీల్లా కనిపించే విషపు పళ్లున్నాయి. ఏడేళ్ల పిల్లవాడు తిని చనిపోయాడు. తండ్రి దావాను కొట్టివేయడానికి వీల్లేదని హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పింది. పిల్లలు వచ్చే చోట, పిల్లలను పిలిచే వస్తువు పెట్టి, వాడు ముట్టుకున్నాడు కాబట్టి తప్పు వాడిదే అనడం కుదరదన్నమాట. పిల్లలను పిలవడానికి ఎర్ర చేపల కన్నా ఇంకేం కావాలి? మన దగ్గర నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే ఐపీసీ 304ఏ కింద రెండేళ్ల దాకా శిక్ష ఉండేది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్‌లో అది ఐదేళ్ల దాకా పెరిగింది. బోరుబావుల్లో పసివాళ్లు పడిపోతుంటే చూడలేక సుప్రీంకోర్టు 2010లో వాటికి విడిగా నిబంధనలు పెట్టింది. తవ్వేటప్పుడు చుట్టూ కంచె ఉండాలి, కేసింగ్ మీద ఉక్కు మూత ఉండాలి, వదిలేసిన బోరును అడుగు నుంచి పైదాకా పూడ్చాలి. పెరటి గుంతకు, అజొల్లా మడికి, సంపుకు అంత వివరంగా చెప్పే కాగితం నాకు కనిపించలేదు. మా కాలనీలో పక్కింటివాళ్ల మీద పరిహారం దావా వేసినవాళ్లనూ నేను చూడలేదు. తప్పు మాదేనని తల్లులే వచ్చి చెప్పి వెళ్తారు.

ఇక చేసిన పని చెబుతాను. ముందు రెండు రోజులు నీళ్లన్నీ తోడేసి, చేపలను డ్రమ్ములో పెట్టి, గుంతను పొడిగా ఉంచాను. పూడ్చేద్దామనే అనుకున్నాను. మా ఆవిడే వద్దంది. కాబట్టి మొదట జాలీ. గోదావరిఖనిలో వెల్డింగ్ చేసే కుర్రవాడిని పిలిచి యాంగిల్ ఫ్రేము కట్టించి, దాని మీద రెండంగుళాల గళ్ల వెల్డ్‌మెష్ వేయించాను. అది నీటిని తాకకూడదు, నీటి మట్టానికి జానెడు పైన ఉండాలి. ఎందుకంటే మనిషి బరువు పడితే కొంత కుంగుతుంది, కుంగినా పిల్లవాడి ముఖం నీళ్లకు అందకూడదు. బిగించాక రెండు సిమెంటు బస్తాలు నడిమధ్యలో పెట్టి ఒక పూట వదిలేశాం. మూడు వేళ్ల మందం కుంగింది, నిలబడింది. కలువ ఆకులు గళ్లలోంచి వాటంతట అవే దారి వెతుక్కున్నాయి. అందం పోతుందన్న నా బెంగ నెలలో తీరిపోయింది.

తర్వాత కంచె. ఆస్ట్రేలియాలో ఈతకొలనుల చుట్టూ నాలుగడుగుల ఎత్తు కంచె చట్టప్రకారం తప్పనిసరి. కమ్మీల మధ్య సందు పది సెంటీమీటర్లు దాటకూడదు, గేటు వదిలితే దానంతట అదే మూసుకోవాలి. నేను ఆ కొలతలే తీసుకున్నాను. గేటు బయటికి తెరుచుకుంటుంది, స్ప్రింగు మడతబందులు పెట్టించాను, గడియ పెద్దవాళ్ల భుజం ఎత్తులో ఉంది. అడ్డ కమ్మీలు లోపలి వైపే, బయట కాలు పెట్టి ఎక్కడానికి ఏమీ లేదు. కంచె అయ్యాక అసలు పని మిగిలి ఉందని అప్పుడు తెలిసింది. కంచె పక్కన పూలకుండీ ఉంటే అది మెట్టు, బోర్లించిన బకెట్ ఉంటే అది మెట్టు, పాత సైకిలు ఆనించి ఉంటే అది నిచ్చెన. గనిలో షిఫ్ట్ మొదట్లో చేసే తనిఖీ లాగే రోజూ పొద్దున కంచె చుట్టూ ఒకసారి తిరిగి, పక్కన చేరిన వస్తువులను తీసేస్తాను. అజొల్లాను ఆ గుంతలోంచి పూర్తిగా తీసేశాను. నీళ్లు నీళ్లలాగే కనిపించాలి.

మా వరసలో తిరిగి చూస్తే నాలాంటివాళ్లు ఎంతమందో. మూత పగిలిన సంపు మీద కప్పిన రేకు, ఇంకుడు గుంత కోసం తవ్వి రాళ్లు నింపకుండా వదిలేసిన గుంట, కుడితి గోలెం, ఇల్లు కట్టేచోట క్యూరింగ్ కోసం నింపిన తొట్టి. వానాకాలం వస్తే మొరం తవ్విన గుంతలన్నీ చెరువులవుతాయి. ఒడ్డున మోకాలి లోతే ఉంటుంది, రెండడుగులు వేస్తే నిలువు లోతు. పెద్ద పిల్లలు అక్కడికి పోతారు, వాళ్ల సంగతి వేరే రాయాలి. నేను రెండు మూడు ఇళ్లకు వెళ్లి సంపు మూత గురించి చెప్పాను. ఒకాయన వెంటనే చేయించాడు. ఇంకొకాయన "మా ఇంట్ల చిన్నపిల్లలు లేరు కదనే" అన్నాడు. మా ఇంట్లోనూ లేరని చెప్పాను.

పక్క క్వార్టర్‌కు కూడా వెళ్లాను. వారం ఆలస్యంగా వెళ్లాను, ఆ మాటా ఒప్పుకోవాలి. "బిడ్డా, తప్పు మీ వానిది కాదు, నాది. నీళ్లు పెట్టింది నేను" అని చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత లేచి చాయ్ పెట్టింది. వాడు మంచం కింద నుంచి తొంగి చూసి "తాతా, శాపలు" అన్నాడు.

ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు వస్తాడు. గేటు బయట నిలబడి పిలుస్తాడు. నేను గడియ తీసి, వాడి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోతాను. జాలీ మీదుగా మరమరాలు వేస్తే ఎర్ర చేపలు పైకి వస్తాయి. మా ఆవిడ ఉతికే బండను మేమిద్దరం కలిసి పెకిలించి ఇంకో పక్కకు మార్చాం. ఇప్పుడు ఆమె గుంత వైపు మొహం పెట్టి ఉతుకుతుంది.