దారిబత్తెం ఎవరిచ్చారు?

కథనూ, నవలనూ, కవితనూ ఎవరి పక్షాన మాట్లాడుతున్నావని నిలదీసే మన విమర్శ, యాత్రారచన దగ్గరకు వచ్చేసరికి ఎందుకో మెత్తబడిపోతుంది. ‘కళ్ళకు కట్టినట్టు రాశారు’ అని ఒక మాట అనేసి ఊరుకుంటాం. ఆ కళ్ళకు ఏది కట్టారో, ఎవరు కట్టారో అడగం.

ఈ ప్రశ్న నన్ను పట్టుకోవడానికి కారణం ఒక చిన్న సంఘటన. ఊళ్ళు తిరిగి ఇంటర్నెట్టులో రాసే ఒక కుర్రవాడు, భాష మీద పట్టున్నవాడు, అరకు లోయ మీద తన వ్యాసం తెచ్చి చూపించాడు. మంచు, కాఫీ తోటలు, బొంగులో చికెన్, ధింసా నృత్యం. వాక్యాలు నున్నగా ఉన్నాయి. కాని వ్యాసం మొత్తంలో పేరున్న మనిషి ఒక్కరూ లేరు. ధింసా ఆడిన స్త్రీలకు ఆ పూట ఏం ముట్టిందో లేదు. ‘వాళ్ళతో మాట్లాడలేదా?’ అని అడిగాను. మాట్లాడాడట. రాశాడట కూడా. అతనికి బస ఇచ్చి, కారు పెట్టిన యాజమాన్యం ఆ పేరా తీసేయమన్నది. ఒప్పందం ప్రకారం ఆ హక్కు వాళ్ళకుంది. ప్రచురణకు ముందు చూపించాలి, రోడ్డు గతుకుల ఊసెత్తరాదు, ఫలానా విశేషణాలు తప్పక రావాలి! విశేషణాలను కూడా యాజమాన్యమే సరఫరా చేసే రోజు వస్తుందని మన అలంకారికులు ఊహించి ఉండరు.

ఆ కుర్రవాణ్ణి తప్పు పట్టడం సులభం. యాత్రారచనకు మన పత్రికలు ఇచ్చే పారితోషికం విశాఖ నుంచి అరకుకు రానుపోను చార్జీలకైనా చాలదన్న సంగతి మరిచిపోతే మరీ సులభం.

ఇది ఒక్క అరకు కథ కాదు. 2009లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ పర్యాటక శాఖ ‘ప్రపంచంలోకెల్లా మంచి ఉద్యోగం’ అని ప్రకటించింది. హామిల్టన్ ద్వీపంలో ఆరు నెలలు ఉండాలి, అనుభవాలు రాస్తూ, ఫోటోలూ వీడియోలూ పెడుతూ ఉండాలి. జీతం లక్షా యాభై వేల ఆస్ట్రేలియన్ డాలర్లు. దరఖాస్తులు 34 వేలకు పైగా వచ్చాయి. ఉద్యోగం పేరు ద్వీప సంరక్షకుడు, పని మాత్రం అనుభవించడం, దాన్ని చాటడం. 2014లో కేరళ పర్యాటక శాఖ దేశదేశాల బ్లాగర్లను బస్సెక్కించి రెండు వారాలు రాష్ట్రమంతా తిప్పింది. తరవాత కూడా అలాంటి యాత్రలు నడిపింది. పూర్వం ప్రభుత్వం పత్రికలో ప్రకటన వేసేది, అది ప్రకటన అని అందరికీ తెలిసేది. ఇప్పుడు అదే ప్రకటన ‘నేను’ అని మొదలవుతుంది. ఆత్మీయత అనే గుణం సరుకుగా మారడమంటే ఇదే.

దీన్ని గుర్తించే మన దేశంలో నిబంధనలు వచ్చాయి. 2021లో ప్రకటనల ప్రమాణాల మండలి, 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ మార్గదర్శకాలు ఇచ్చాయి. ఉచిత ప్రయాణమూ, హోటలు బసా పుచ్చుకుని రాసినవాడు ఆ సంగతి చెప్పి తీరాలి. మంచిదే. అయితే ఈ ముద్ర వల్ల డబ్బు ఎవరిచ్చారో తెలుస్తుంది గాని ఏ పేరా కొట్టేశారో తెలియదు. అది కనిపెట్టవలసింది విమర్శకుడే.

అరకు దారి సంగతే చూడండి. బొర్రా గుహల అందం గురించి ఎంతైనా చదవవచ్చు. ఆ గుహలున్న అనంతగిరి మండలంలోనే గనుల లీజుల మీద ‘సమతా’ సంస్థ గిరిజనుల పక్షాన కోర్టుకెక్కింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వరాదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దానికి ముందే 1970 నాటి, జనం 1/70 అని పిలుచుకునే చట్టం ఉన్నది. ఈ రెండూ తెలిసినవాడు ఆ కొండల్లో ఒక రిసార్టు బోర్డు చూస్తే, ఈ నేల ఎవరిదన్న ప్రశ్న వేయకుండా ముందుకు పోలేడు. మంచు గురించి రాయవద్దని నేననడం లేదు. మంచు కింద నేల ఉన్నదని అంటున్నాను.

మన భాషలో యాత్రాచరిత్ర ఇలా పుట్టలేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి 1831లో తిరిగి వచ్చాడు. ఆయన అభ్యుదయవాది కాడు. సుప్రీంకోర్టులో దుబాసీ, కంపెనీ పాలన పట్ల గౌరవమున్నవాడు. అయినా ఆయన పుస్తకం నిలిచింది. ఏ మజిలీలో నీళ్ళు బాగుంటాయి, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, ఎక్కడ సుంకాలు కట్టాలి అన్నవి ఆయన వదల్లేదు. ఆ రాతలు స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు అందాయి, ఆయనే వాటిని 1838లో అచ్చు వేయించాడు. తన వెనక అదే దారిన నడవబోయేవాణ్ణి దృష్టిలో పెట్టుకుని రాసినవాడు బావి ఎండిపోయి ఉంటే దాచలేడు.

అయితే సొంత డబ్బుతో తిరిగినవాడే నిజం రాస్తాడా? ఇక్కడ మన ఇంటి లెక్క కూడా చూసుకోవాలి. ఆతిథ్యం పుచ్చుకోవడం మన శిబిరానికి కొత్త కాదు. సోవియట్ లాండ్ నెహ్రూ పురస్కారంతో మన దేశపు రచయితలు ఆ దేశం చూసి వచ్చారు. అంతకు ముందు, 1933లో, శ్వేతసముద్ర కాలువ చూడటానికి సోవియట్ రచయితలు నూట ఇరవైమంది పడవలో వెళ్ళారు. దాన్ని తవ్వింది ఖైదీలు. మరుసటేడు గోర్కీ సంపాదకత్వంలో కీర్తనగ్రంథం వచ్చింది. ‘అమ్మ’ రాసిన చెయ్యి అది. ఆ పుస్తకం గురించి మనం మాట్లాడకపోతే, రిసార్టు వ్యాసం గురించి మాట్లాడే అర్హత మనకు లేదు. 1936లో ఆండ్రే జీద్ కూడా ఆ దేశపు అతిథే. గోర్కీ అంత్యక్రియల్లో ప్రసంగించిన అతిథి. తిరిగి వెళ్ళి తనకు నచ్చనివి రాశాడు, మిత్రుల చేత తిట్లు తిన్నాడు. ఆయన నిర్ణయాలన్నీ నాకు సమ్మతం కావు. కాని దారిబత్తెం పుచ్చుకున్నవాడు సైతం వాక్యాన్ని అమ్ముకోనక్కరలేదని ఆయన చేసి చూపించాడు.

కనుక పిలిచేవాళ్ళు పిలవవచ్చు. చార్జీలివ్వండి, బస ఇవ్వండి, వ్యాసాన్ని ముందుగా చూపమనకండి. రచయిత తనకు కావలసిన రెండు రోజులు మీ గైడు లేకుండా తిరగనివ్వండి. ధింసా ఆడినవాళ్ళ పేర్లూ, వాళ్ళకు ముట్టినదీ రాయనివ్వండి. ఇందుకు ఒప్పుకునే పర్యాటక శాఖకు నష్టమేమీ లేదు. గతుకుల రోడ్డు గురించి ముందే చదివి వచ్చిన మనిషి దాని మీద ఫిర్యాదు చేయడు. ఒప్పుకోనివాళ్ళ ఒప్పందం మీద రచయిత సంతకం పెట్టరాదని మన సంఘం తీర్మానం చేస్తే బాగుంటుంది, దానితోపాటు యాత్రారచనకు పత్రికలు సరైన పారితోషికం ఇవ్వాలని కూడా. రెండోది లేకుండా మొదటిది వట్టి ఉపన్యాసమే.

ఆ కొట్టేసిన పేరా తెచ్చి ఇమ్మని కుర్రవాణ్ణి అడిగాను, ఈ పత్రికకు పంపుదామని. తెస్తానన్నాడు. ఇంకా తేలేదు.