ఉత్తర్వును మోసే మనుషులు

కాలిఫోర్నియాలో ‘కేర్ కోర్టు’ అని ఒకటి నడుస్తోంది. స్కిజోఫ్రీనియా వంటి తీవ్రమైన మానసిక జబ్బుతో బాధపడుతూ, వైద్యం అందక రోజురోజుకూ దిగజారిపోతున్న పెద్దవాళ్ల కోసం పెట్టిన సివిల్ కోర్టు ఇది. ఇక్కడ నేరమూ లేదు, ముద్దాయీ లేడు. ఇక్కడి ఒక కౌంటీలో, ఆ కోర్టు ఉత్తర్వులను అమలు చేసే బృందానికి మనుషుల్ని ఎంపిక చేయడం నా ఉద్యోగం. చట్టం గురించి చాలామంది రాస్తున్నారు. దాన్ని భుజాన వేసుకుని వీధుల్లో తిరిగేవాళ్ల గురించి ఎవరూ పెద్దగా రాయడం లేదు కనుక ఈ వారం వాళ్ల గురించే.

2022 సెప్టెంబరులో గవర్నర్ గావిన్ న్యూసమ్ ఈ చట్టంపై సంతకం చేశారు. 2023 అక్టోబరులో శాన్ ఫ్రాన్సిస్కో, శాన్ డియేగోతో సహా ఏడు కౌంటీల్లో మొదలై, 2024 డిసెంబరు నాటికి మొత్తం 58 కౌంటీలకూ వచ్చింది. తల్లిదండ్రులు, తోబుట్టువులు, కలిసి ఉంటున్నవాళ్లు, వైద్యులు, పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది ఎవరైనా పిటిషన్ వేయవచ్చు. ఎవరి కోసం వేశారో ఆ మనిషికి ఉచితంగా లాయరును ఇస్తారు. కుదిరితే ఒప్పందం, కుదరకపోతే కోర్టు ఆమోదించిన ప్రణాళిక. గడువు 12 నెలలు, అవసరమైతే మరో 12. అందులో వైద్యం, మందులు, ఇల్లు, తోడుగా నిలిచే మనుషులు అన్నీ రాసి ఉంటాయి.

అయితే మందు వేసుకోమని జడ్జి చెప్పగలరే గానీ, బలవంతంగా వేయించే అధికారం ఈ చట్టంలో లేదు. మాట వినలేదని కోర్టు ధిక్కారం కింద శిక్షించడమూ కుదరదు. మరి కోర్టు బలం ఎవరి మీద? కౌంటీ మీద. చేస్తానన్న పని చేయకపోతే కౌంటీకి రోజుకు 1,000 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. అంటే రోగిని కట్టేయని ఆ ఉత్తర్వు ప్రభుత్వాన్ని కట్టేస్తుంది. ‘ఇతన్ని వారానికి రెండుసార్లు వెళ్లి కలవండి’ అని జడ్జి అంటే, వెళ్లడానికి ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి లేనిచోట ఉత్తర్వు ఉట్టి కాగితమే.

ఇక్కడే స్థిరపడిన తెలుగు తల్లి ఒకామె కొడుకు కోసం మా దగ్గరికి వచ్చారు. చదువు మధ్యలో ఆపేసి, గొంతులు వినిపిస్తున్నాయంటూ కారులోనే పడుకుంటున్నాడు. బంధువులకు తెలిస్తే ఏమంటారోనని ఏళ్ల తరబడి దాచుకున్నారు. ‘కన్నకొడుకు మీద కోర్టుకెక్కమంటావా అమ్మా?’ అన్నారు. ‘ఆంటీ, ఇది అబ్బాయి మీద కేసు కాదు. మేం మీ అబ్బాయి దగ్గరికి రావడాన్ని తప్పనిసరి చేసే కాగితం’ అన్నాను. ఆ మాట అన్నాక వెళ్లి తీరాలి. వెళ్లేవాళ్లను నియమించి, వాళ్లు నిలిచేలా చూసుకోవాలి. నా ఉద్యోగమంతా ఆ మాట నిలబెట్టుకోవడమే.

ఎంతమంది కావాలన్నదానికి లెక్క ఎప్పుడో తేలింది. 1970ల మొదట్లో విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో లెనార్డ్ స్టైన్, మేరీ ఆన్ టెస్ట్, ఆర్నాల్డ్ మార్క్స్ ఒక విషయం గమనించారు: ఆసుపత్రిలో కోలుకున్నవాళ్లు ఇంటికి వెళ్లాక మళ్లీ కుప్పకూలుతున్నారు. దాంతో వార్డులో పనిచేసే సిబ్బందినే రోగులు బతికే చోటికి పంపారు. అలా పుట్టిన పద్ధతిలో ఒక ఉద్యోగికి పదిమంది రోగులే. సైకియాట్రిస్టు, నర్సులు, మత్తు అలవాట్ల సంగతి తెలిసినవాళ్లు, ఉద్యోగం వెతికి పెట్టేవాళ్లు ఒకే బృందంగా, పగలూ రాత్రీ అందుబాటులో ఉంటారు.

పది చాలా తక్కువ కదా అని లెక్కలు చూసేవాళ్లు అంటారు. ఆ పదిమందిలో ఒకరి కోసం పడే పాటు చూస్తే అలా అనరు. ముందు మనిషిని కనిపెట్టాలి. ఫోను పోయి ఉంటుంది. నిన్న టెంటు వేసుకున్న చోటును ఇవాళ ఖాళీ చేయించి ఉంటారు. కనిపించినా, తనకు జబ్బు ఉందని అతను ఒప్పుకోడు. మొండితనం కాదది. జబ్బును జబ్బుగా గుర్తించలేకపోవడం స్కిజోఫ్రీనియాలో తరచుగా కనిపించే లక్షణం. అందుకే వాదించి గెలవాలనుకునేవాళ్లు ఈ పనికి పనికిరారు. మేజోళ్లు, మంచినీళ్లు పట్టుకెళ్లి పక్కన కూర్చోవాలి. అతను చెప్పేది వినాలి. అతనికి కావలసినదేదో ఒకటి, గుర్తింపు కార్డో, పంటి నొప్పికి మందో, ముందు చేసి పెట్టాలి. నెలకొకసారి ఇచ్చే ఇంజెక్షన్ మాట ఎత్తేది ఆ నమ్మకం కుదిరాకే.

ఆ నమ్మకం కౌంటీ మీద కుదరదు, ఒక మనిషి మీద కుదురుతుంది. ఆ మనిషి ఉద్యోగం మానేస్తే ఫైలు మరొకరి చేతికి వస్తుంది, నమ్మకం రాదు. అందుకే ఇంటర్వ్యూల్లో నేను డిగ్రీల కన్నా ఓపికకు ఎక్కువ విలువ ఇస్తాను. ‘మీరు పలకరించిన మనిషి పొమ్మంటే మర్నాడు ఏం చేస్తారు?’ అని అడుగుతాను. మళ్లీ వెళ్తానని చెప్పి, ఈసారి ఎలా వెళ్తారో కూడా ఆలోచించి చెప్పేవాళ్లు కావాలి. ఒకప్పుడు ఇదే జబ్బుతో బాధపడి నిలదొక్కుకున్నవాళ్లు బృందంలో తప్పనిసరిగా ఉండాలని పట్టుబడతాను. 2020లో వచ్చిన చట్టంతో కాలిఫోర్నియాలో వాళ్ల పనికి సర్టిఫికెట్ కూడా ఏర్పడింది. ‘నేనూ ఆ గొంతులు విన్నాను’ అని వాళ్లు చెప్పగలరు. మాలో ఎంత చదువుకున్నవాళ్లకైనా ఆ మాట చెప్పే అర్హత లేదు.

ఈ కోర్టును వ్యతిరేకించిన హక్కుల సంఘాల వాదనను నేను గౌరవిస్తాను. జడ్జిల మీద పెట్టే ఖర్చు ఇళ్ల మీద, స్వచ్ఛంద వైద్యం మీద పెట్టమని వాళ్లు అడుగుతున్నారు. మళ్లీ బలవంతం మొదలవుతుందన్న వాళ్ల భయానికి చరిత్ర ఉంది. 1967లో గవర్నర్ రొనాల్డ్ రీగన్ సంతకం చేసిన చట్టం, మనుషుల్ని ఏళ్ల తరబడి ఆసుపత్రుల్లో బంధించి ఉంచే పద్ధతికి అడ్డుకట్ట వేసింది. అది న్యాయమే. పెద్ద ఆసుపత్రులు ఖాళీ అవుతున్న కొద్దీ ఊళ్లలోనే వైద్యం అందిస్తామన్నారు. కానీ దానికి సరిపడా డబ్బూ, మనుషులూ రాలేదు. ఇప్పుడు అదే మాటను కోర్టు ముద్ర వేసి రెండోసారి ఇస్తున్నాం. 2026 జనవరి నుంచి, భ్రమలతో కూడిన బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లకూ ఈ దారి తెరిచారు. తలుపు వెడల్పు చేసినంత మాత్రాన చాలదు, లోపల చేయి అందించేవాళ్లూ పెరగాలి.

బడ్జెట్ తగ్గినప్పుడు కౌంటీలు మొదట కోసేది భర్తీ కాని పోస్టులనే. ఎవరి ఉద్యోగమూ పోదు కనుక ఎవరికీ నొప్పి కలగదని అనుకుంటారు. మా పనిలో ఒక ఖాళీ పోస్టు అంటే, కోర్టు మాట ఇచ్చాక కూడా ఎవరూ వెళ్లని పదిమంది మనుషులు. జీతాలు పెంచి, పని భారం పదికి మించకుండా చూసి, ఉన్నవాళ్లు కనీసం కొన్నేళ్లు నిలిచేలా చేయమని కౌంటీల పాలక మండళ్లను అడుగుతున్నాను. ఈ చట్టం నెగ్గిందో లేదో తేల్చడానికి ఎన్ని పిటిషన్లు వచ్చాయని లెక్కపెడుతున్నారు. ఏడాది మొదట్లో పలకరించిన మనిషే ఏడాది చివర కూడా ఎంతమందిని పలకరిస్తున్నాడో లెక్కపెట్టండి. ఆ సంఖ్య చూస్తే చట్టం పనిచేస్తోందో లేదో తెలిసిపోతుంది.