గాలి తగ్గితే ఫోనొస్తుంది

చిలీ దేశం కొసన, మాగెల్లాన్ జలసంధి ఒడ్డున పుంటా అరేనాస్ అనే ఊరుంది. అక్టోబర్ నెలాఖరు వచ్చేసరికి అక్కడి హోటళ్లలో కొందరు వింత అతిథులు దిగుతారు. వాళ్ల గదుల్లో కాలు పెట్టే చోటుండదు. నేలంతా వెన్న, చాక్లెట్లు, ఎండబెట్టిన మాంసం, జీడిపప్పు, వేడినీళ్లు పోస్తే భోజనమయ్యే పొడి తిండి పొట్లాలు. మనిషి వాటి మధ్య చిన్న కాటా పెట్టుకుని కూర్చుని, గ్రాముల లెక్కన తూచి, రోజుకో సంచి చొప్పున కడుతుంటాడు. టూత్‌బ్రష్ పిడిని సగానికి కోసేస్తాడు. బట్టల లోపలి లేబుళ్లు కత్తిరించి పారేస్తాడు. మధ్యమధ్యలో ఫోన్ వంక చూస్తాడు.

ఫోన్ వస్తే అంటార్కిటికా. రాకపోతే మళ్లీ కాటా.

వీళ్లు దక్షిణ ధ్రువానికి ఒంటరిగా, కాలినడకన, అంటే స్కీల మీద బయల్దేరేవాళ్లు. ఏడాదో రెండేళ్లో పాత టైర్లను నడుముకు కట్టుకుని ఇసుకలో, మట్టిరోడ్ల మీద ఈడ్చి ఈడ్చి ఒళ్లు గట్టిపరుచుకున్నారు. దారిలో కరిగిపోవడానికి ముందే కొంత కొవ్వు కూడా పెంచుకుని వచ్చారు. డబ్బిచ్చేవాళ్ల కోసం ఎన్నో గడపలు ఎక్కి దిగారు. అన్నీ కుదిరి ఇంత దూరం వచ్చాక, వాళ్లను ఆపేది సన్నటి విషయం. ఎక్కడో 3,000 కిలోమీటర్ల అవతల అడ్డంగా వీస్తున్న గాలి.

ఆ గాలి కథ చెప్పుకోవాల్సిందే. పుంటా అరేనాస్ నుంచి బయల్దేరిన పెద్ద విమానం నాలుగు గంటలకు పైగా ఎగిరి యూనియన్ గ్లేసియర్ అనే చోట దిగుతుంది. చాలా ఏళ్లు రష్యన్ తయారీ ఇల్యూషిన్ విమానాలు ఈ పని చేశాయి. ఇప్పుడు మన విమానాశ్రయాల్లో కనిపించే బోయింగ్ రకం కూడా దిగుతోంది. కింద సిమెంటు ఉండదు, తారు ఉండదు. నీలిరంగు గట్టి మంచే రన్‌వే. బ్రేకు వేస్తే జారుతుంది కనుక ఇంజన్లను వెనక్కి తన్నించి వేగం తగ్గిస్తారు. ఆ నీలిమంచు మీద మెత్తటి హిమం పేరుకోకుండా ఎవరు ఊడుస్తున్నారు? కొండల మీంచి కిందికి దూసుకొచ్చే గాలే. గాలి లేకపోతే ఆ రన్‌వేయే లేదు. గాలి ఎక్కువైతే ఆ రన్‌వే మీద దిగడానికి లేదు. తలుపు తీసేవాడే తాళం వేసేవాడన్న మాట.

మన తెలుగువాళ్లూ ఈ దారిన వెళ్లారు. నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘం నుంచి వచ్చిన మల్లి మస్తాన్ బాబు 2006 జనవరిలో అంటార్కిటికాలోని విన్సన్ శిఖరంతోనే తన ఏడు ఖండాల ఆరోహణ మొదలుపెట్టి, 172 రోజుల్లో ముగించాడు. ఆ రోజుల్లో రన్‌వే పేట్రియట్ హిల్స్ దగ్గర ఉండేది, అదీ నీలిమంచే. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 2019 డిసెంబర్‌లో అదే విన్సన్ ఎక్కింది. శిఖరానికి వెళ్లేవాళ్లకీ ధ్రువానికి వెళ్లేవాళ్లకీ గుమ్మం ఒక్కటే. ఆగాల్సివస్తే అందరూ అక్కడే ఆగాలి.

ఆగడంలో ఒక చిక్కుంది. రైలు ఆలస్యమైతే గమ్యం ఆలస్యమవుతుంది, అంతే. ఇక్కడ అలా కాదు. నవంబర్‌లో తెరుచుకునే యాత్రల కాలం జనవరి చివరికల్లా మూసుకుంటుంది. చివరి విమానం అందకపోతే మనిషి అక్కడ ఉండలేడు. కాబట్టి హోటల్లో పోయిన ప్రతి రోజూ చివర్లో చేతిలో ఉండాల్సిన రోజుల్లోంచి తరుగుతుంది. నలభై రోజులకు తిండి కట్టినవాడికి వారం పోతే తిండి తరగదు, గడువు తరుగుతుంది. అయినా గడియారం వంక కోపంగా చూసి లాభం లేదు. అందుకే వాళ్లు మళ్లీ సామాను విప్పుతారు. నిన్న తూచినదాన్నే ఇవాళ తూస్తారు. జిప్పులకు తాళ్లు కడతారు, లావుపాటి చేతి తొడుగులు వేసుకుని కూడా లాగగలిగేంత పొడుగువి. పొయ్యి వెలిగించి ఆర్పుతారు. బూట్ల అడుగున ఇరుక్కున్న గడ్డిగింజ ఏదైనా అంటార్కిటికాకు పోతుందేమోనని బ్రష్షు పెట్టి తోముతారు. చూసేవాళ్లకు ఇది పిచ్చిపనిలా కనిపించవచ్చు. ఈ కాలమ్ రాసే వ్యక్తికి మాత్రం, ఒక వయసు దాటాక, ఇదే ఆ విద్యలో అసలు పాఠం అనిపిస్తోంది. నడక ఎవరైనా నేర్చుకోవచ్చు. చేతులకు పని ఉంచి మనసును కదలకుండా కూర్చోబెట్టడం అందరికీ పట్టుబడదు.

ఇంకో వింత, ఒంటరి యాత్రకు వెళ్లేవాడి నిరీక్షణ ఒంటరిగా ఉండదు. 2018లో అమెరికన్ కోలిన్ ఓబ్రాడీ, బ్రిటిష్ సైనికాధికారి లూయిస్ రడ్ ఇద్దరూ ఒకే ఏడాది, ఒకే లక్ష్యంతో ఈ ఊళ్లో దిగారు. బయటి సాయం తీసుకోకుండా, గాలిపటంతో లాగించుకోకుండా, అంటార్కిటికాను ఒంటరిగా దాటిన మొదటి మనిషి తానే కావాలని ఇద్దరికీ ఉంది. ఒకరికొకరు తెలుసు. ఒకే విమానంలో వెళ్లారు. నవంబర్ 3న ఒకే చిన్న విమానం వాళ్లను రాన్ మంచు పలక మీద దింపింది, ఇద్దరి మధ్యా మైలు దూరం ఉండేలా. పోటీదారుడి ముఖం చూస్తూ ఎదురుచూడటం కంటే పెద్ద పరీక్ష ఉంటుందా? ఓబ్రాడీ 54 రోజుల్లో డిసెంబర్ 26న ముగించాడు, రడ్ రెండు రోజుల తర్వాత. వాళ్ల దారిలో ట్రాక్టర్లు చదును చేసిన బాట కొంత ఉందని, కనుక ఆ ఘనత పూర్తి ఘనత కాదని తర్వాత పెద్ద వాదనే నడిచింది. అది వేరే రోజుకు.

నార్వే దేశస్థుడు ఎర్లింగ్ కాగే ఈ గుంపు గోల నుంచి బయటపడటానికి మొరటు ఉపాయం కనిపెట్టాడు. 1992–93లో దక్షిణ ధ్రువానికి ఒంటరిగా వెళ్లినప్పుడు రేడియో తీసుకెళ్లక తప్పదన్నారు. సరేనని తీసుకెళ్లాడు. బ్యాటరీలు మాత్రం తీసుకెళ్లలేదు. యాభై రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇవాళ ఉపగ్రహ ఫోన్‌లో రోజూ క్షేమం చెప్పాల్సిన యాత్రికులకు ఆ సుఖం లేదు. చెప్పకపోతే వెతకడానికి విమానం బయల్దేరుతుంది. బతుకు మీద తీపి ఉన్నవాళ్లెవరూ దీన్ని తప్పుపట్టరు.

ఎదురుచూడలేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఒంటరి యాత్ర కాని ఒక ఉదాహరణే బాగా పనికొస్తుంది. రోల్డ్ అముండ్‌సెన్ అంటే దక్షిణ ధ్రువానికి మొదట చేరినవాడు, ప్రతి చిన్న విషయం ముందే లెక్కగట్టినవాడు అని చదువుకున్నాం. 1911 చలికాలమంతా అతను తిమింగలాల అఖాతం దగ్గర గుడిసెలో మనుషులతో స్లెడ్లు చెక్కించాడు, పెట్టెల బరువు తగ్గించాడు, బూట్లు విప్పించి మళ్లీ కుట్టించాడు. ఇంతవరకూ పుంటా అరేనాస్ హోటల్ గదే. కానీ అవతల అదే ధ్రువం కోసం పోటీపడుతున్న బ్రిటిష్ నాయకుడు స్కాట్ మోటారు స్లెడ్లు తెచ్చాడన్న సంగతి అతణ్ని తొలిచేసింది. ఆగస్టు 24న సూర్యుడు తిరిగి కనిపించాడు. సెప్టెంబర్ 8న ఏడుగురిని వెంటబెట్టుకుని బయల్దేరాడు. వసంతం ఇంకా రాలేదు. మూడు నాలుగు రోజుల్లో చలి మైనస్ 56 డిగ్రీలకు దిగింది. దిక్సూచిలోని ద్రవం గడ్డకట్టింది. కుక్కల పాదాలు చెడ్డాయి. 80వ అక్షాంశం దగ్గరి డిపోలో సామాను పడేసి వెనక్కి తిరిగారు.

మన ఇళ్లలో ప్రయాణానికి గుమ్మం దాటగానే ఏదైనా ఎదురొస్తే లోపలికొచ్చి కూర్చుని, మంచినీళ్లు తాగి, మళ్లీ బయల్దేరమంటారు. అముండ్‌సెన్ వెనక్కి రావడం తప్పు కాదు. వచ్చిన తీరు తప్పు. చివరి రోజు నాయకుడే ముందు దూసుకుపోయాడు. వెనకబడిన ప్రెస్ట్రుడ్ అనే కుర్ర అధికారి చలికి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. యాల్మార్ యోహాన్‌సెన్ ఆగి అతణ్ని గుడిసెకు చేర్చాడు. పదహారేళ్ల క్రితం నార్వే అన్వేషకుడు నాన్సెన్‌తో కలిసి ఆర్కిటిక్‌లో నడిచి 86 డిగ్రీల అక్షాంశం దాటిన అనుభవజ్ఞుడతను. మర్నాడు పొద్దున అందరి ముందూ నాయకుణ్ని నిలదీశాడు. అముండ్‌సెన్ అది మరిచిపోలేదు, అతణ్ని ధ్రువానికి వెళ్లే జట్టులోంచి తీసేశాడు. అక్టోబర్ మూడో వారంలో ఐదుగురే బయల్దేరారు, డిసెంబర్ 14న చేరారు. ఆరు వారాల ఓపిక లేకపోవడం వల్ల ఒక మనిషికి ధ్రువం పోయింది. 1913 జనవరిలో యోహాన్‌సెన్ తన ప్రాణం తానే తీసుకున్నాడు.

ఉత్తర ధ్రువం వైపు నిరీక్షణ మరో రకం. అక్కడ నేల లేదు, సముద్రం మీద తేలే మంచు. రష్యన్లు ఏటా ఏప్రిల్‌లో ధ్రువానికి దగ్గరలో ఒక గట్టి మంచు పలకను వెతికి, దాని మీద బర్నియో అనే తాత్కాలిక శిబిరం వేసేవారు. ట్రాక్టర్లను పారాచూట్లతో దించి రన్‌వే చదును చేసేవారు. పలక పగిలితే మరో పలక వెతకాలి. యాత్రికులు స్వాల్‌బార్డ్‌లోని లాంగ్‌యియర్‌బెన్‌లో కూర్చుని కబురు కోసం చూడాలి. 2019లో విమానం అనుమతుల గొడవతో ఆ ఏటి శిబిరమే రద్దయింది, 2020లో కరోనా. చేరాక కూడా నిరీక్షణ తప్పదు. బ్రిటన్‌కు చెందిన పెన్ హాడో 2003 మే 19న కెనడా వైపు నుంచి ఒంటరిగా, మధ్యలో సరుకులు అందుకోకుండా ధ్రువం చేరి, విమానం దిగడానికి వీల్లేక ఎనిమిది రోజులు మంచు మీద గుడారంలో ఉండిపోయాడు. ఆ ఎనిమిది రోజులూ కింద మంచు ప్రవహిస్తూనే ఉంది.

ఇన్ని చెప్పినా, ఎదురుచూపు అనే విద్యకు గురువెవరంటే జపాన్ వాడు నవోమి ఉయెమురా పేరే చెప్పాలి. 1978లో కుక్కల బండి మీద ఒంటరిగా ఉత్తర ధ్రువం చేరిన మొదటి మనిషిగా లోకానికి తెలుసు. దారిలో తెల్ల ఎలుగుబంటి అతని గుడారంలో జొరబడి తిండి తినేసి, స్లీపింగ్ బ్యాగులో బిగుసుకుని పడుకున్న అతణ్ని ముట్టెతో కదిపి పోయింది. ఆ కథ అందరూ చెబుతారు. అతని మనసు మాత్రం అంతకు ముందు నుంచే మరోచోట ఉంది.

అంటార్కిటికాను ఒంటరిగా దాటాలన్నది ఉయెమురా కోరిక. దూరం 3,000 కిలోమీటర్లు. ఆ దూరం ఎంతో మ్యాపులో చూస్తే తెలియదనుకున్నాడు. 1971లో జపాన్ ఉత్తర కొసన ఉన్న వక్కనాయ్ నుంచి దక్షిణాన కాగోషిమా వరకు, దాదాపు అంతే దూరం, యాభై రోజులకు పైగా నడిచాడు. తర్వాత అర్జెంటీనా వాళ్ల బెల్గ్రానో స్థావరానికి వెళ్లి అంటార్కిటికాను కళ్లారా చూసొచ్చాడు. కుక్కల బండి తోలడం రాదు కనుక గ్రీన్‌లాండ్‌లోని సియోరాపలూక్ అనే ఇన్యూట్ పల్లెలో పది నెలలు కాపురమున్నాడు. పచ్చి మాంసం తిన్నాడు, కొరడా విసరడం నేర్చుకున్నాడు, ఒక వృద్ధ దంపతులు అతణ్ని కొడుకును చేసుకున్నారు. ఆ చదువు సరిపోతుందో లేదో చూసుకోవడానికి 1974 నుంచి 1976 వరకు గ్రీన్‌లాండ్ నుంచి అలాస్కా దాకా 12,000 కిలోమీటర్లు బండి తోలాడు. మనలో చాలామంది దీన్నే జీవితకాల యాత్ర అనుకుంటాం. అతనికిది తాలీమ్.

అర్జెంటీనా సైన్యం సాయం చేస్తామంది. 1982 తొలి నెలల్లో అతను అంటార్కిటికా ద్వీపకల్పం పక్కన ఉన్న సాన్ మార్టిన్ స్థావరంలో దిగాడు. చలికాలం అక్కడే గడిపి, వెలుతురు వచ్చాక కుక్కల బండి మీద ఒంటరిగా 3,000 కిలోమీటర్లు వెళ్లి, విన్సన్ శిఖరం ఎక్కాలని ఆలోచన. దిగిన కొన్ని వారాలకే, ఏప్రిల్ 2న, ఆశ్రయమిచ్చిన దేశమే ఫాక్‌లాండ్స్ దీవుల కోసం బ్రిటన్‌తో యుద్ధానికి దిగింది. జూన్ 14న ఓడింది. స్థావరంలో ఉయెమురా చుట్టూ ఉన్నది ఆ సైన్యంవాళ్లే. వాళ్ల మధ్య, ఆ చీకటిలో, పదేళ్లుగా కోరుకున్న దారి మొదట్లో అతను నెలల తరబడి కూర్చున్నాడు. సూర్యుడు వచ్చాడు. ఏడాది చివర్లో సైన్యం ఇక సాయం చేయలేమంది. గాలిని తప్పుపట్టడానికి కూడా వీల్లేదు, ఆపింది గాలి కాదు కదా.

అముండ్‌సెన్ అయితే బండి కట్టేసేవాడేమో. ఉయెమురా కట్టలేదు. సాయం లేకుండా బయల్దేరితే తన కోసం వేరేవాళ్లు ప్రాణాలకు తెగించాల్సి వస్తుందని తెలియని మనిషి కాదతను. 1983లో జపాన్ తిరిగివెళ్లాడు.

మరుసటి ఏడాది ఫిబ్రవరి 12న, తన 43వ పుట్టినరోజున, అలాస్కాలోని డెనాలి శిఖరాన్ని చలికాలంలో ఒంటరిగా ఎక్కిన మొదటి మనిషయ్యాడు. దిగేటప్పుడు కనిపించకుండా పోయాడు, శరీరం దొరకలేదు. వక్కనాయ్ నుంచి కాగోషిమా దాకా తారురోడ్ల మీద వేసిన అడుగులే, ఉయెమురా తన అంటార్కిటికా యాత్రలో నిజంగా నడిచిన భాగం.